తొమ్మిది మిషన్ల మాట

ఆ ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకోని డాక్టరు ఒకే ఒక్కడు. కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గది పక్కన, ఎప్పుడూ చలిగాలి కొట్టే కంప్యూటర్ల గది అతని రాజ్యం. అసలు డాక్టర్లే ఎగతాళికి “మిషన్ల డాక్టరు” అని పేరు పెట్టారు. పైకి చిరాకు పడేవాడు గానీ, ఆ పేరంటే లోలోపల ఎంత మురిపెమో!

చేరిన కొత్తలో ఆ గదిలో ఉన్నది ఒకే పెద్ద మిషను. రోగుల వివరాలు, మందులు, మంచాలు అన్నీ దాని కడుపులోనే. అది మొరాయించిందంటే ఆసుపత్రి ఆసుపత్రంతా నోరెళ్ళబెట్టుకుని కూర్చోవలసిందే. అతను పరుగున వచ్చి, మూతకు చెవి ఆనించి, లోపల ఫ్యాను ఎలా తిరుగుతోందో విని, కాసేపు బతిమాలి, కాసేపు తిట్టి, మొత్తానికి లేపి నిలబెట్టేవాడు. ఇంటికి చేరేసరికి అక్క కంచం మీద మూత పెట్టి కూర్చుని ఉండేది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

“నీకు పెళ్ళి చేస్తే ఆ పిల్ల దీనితో పోట్లాడలేక చస్తుందిరా,” అనేది. అన్నట్టే పెళ్ళి ఊసు అలాగే మూలపడింది. అక్కా తమ్ముడూ ఒకరికొకరై మిగిలారు.

తర్వాత రెండో మిషను వచ్చింది, ఒకటి పడితే ఇంకొకటి ఎత్తుకోవడానికి. ఆ తర్వాత ఈ ఆసుపత్రితో సహా ఊళ్ళో డయాలసిస్ చేసే పది చోట్లనూ కలిపేశారు. ఇక పెద్ద మిషనంటూ లేదు. పది చోట్లా పది మిషన్లు, అందరి వివరాలూ అన్నిటి దగ్గరా ఉంటాయి. ఒకటి పడిపోతే మిగిలినవి దాని పని పంచుకుంటాయి. ఒకటి తప్పు చెబితే, మిగిలినవన్నీ ఒక్కమాట మీదికొచ్చి దాన్ని దిద్దుతాయి. మనిషి చెయ్యి పడక్కర్లేదు.

“ఎంత బుద్ధిమంతులనుకున్నావక్కా! వాటి రోగం అవే కనిపెట్టుకుంటాయి, వాటి మందు అవే వేసుకుంటాయి,” అని అతను మేనల్లుళ్ళ గొప్ప చెప్పినట్టు చెప్పేవాడు.

“మరి నువ్వెందుకురా అక్కడ?” అని అక్క నవ్వేది.

అతనూ నవ్వేసేవాడు. ఆ మాట గుచ్చుకోకపోలేదు. ఫోను మోగడం తగ్గింది, తర్వాత మానేసింది. ఏం చేస్తాడు పాపం, గది తుడిపించి, బల్లలు సర్దించి ఇంటికి వచ్చేవాడు.

ఇంతలో అక్కకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజు విడిచి రోజు రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఒళ్ళంతా నీరు పట్టేస్తుంది. మార్కెట్ దగ్గరి కేంద్రంలో ఆవిడకు వంతు దొరికింది. కానీ బస్సెక్కి అంత దూరం వెళ్ళలేకపోయింది. “నా కళ్ళెదుట ఉంటావు, మా దగ్గరికి మార్పించేస్తా,” అన్నాడు తమ్ముడు. మార్పించాడు కూడా.

సరిగ్గా ఆ పూటే ఆసుపత్రి గేటు ముందు రోడ్డు తవ్వేవాళ్ళు మిషన్లను కలిపే తీగను తెంపేశారు. అక్క అక్కణ్ణుంచి వెళ్ళిపోయిందన్న సంగతి తొమ్మిది మిషన్లకూ తెలిసింది. ఇక్కడికి వచ్చి చేరిందన్న సంగతి మాత్రం ఇక్కడి మిషను దగ్గరే ఉండిపోయింది. తీగ అతికించాక పదీ మాట్లాడుకున్నాయి. “ఆవిడ వెళ్ళిపోయింది, వంతు ఖాళీ,” అన్నాయి తొమ్మిది. “ఇక్కడే ఉంది,” అంది ఒక్కటి. తొమ్మిదీ కలిసి ఆ ఒక్కదాని తప్పు దిద్దాయి. అక్క మంచం ఇంకెవరికో ఇచ్చేశాయి.

“ఓస్, ఇంతేనా! రెండు నిమిషాల పని,” అని అతను కుర్చీ లాక్కుని అక్క పేరు మళ్ళీ ఎక్కించాడు. చెప్పిన టీ వచ్చేలోపే పేరు మాయం. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ మాయం. దాని దుంప తెగ, ఎక్కించిన కొద్దీ తుడిచేస్తోంది! తను పొగిడిన బుద్ధిమంతులే తనకు ఎదురు తిరిగినట్టయింది.

ఆ మిషన్లు పెట్టిన కంపెనీకి ఫోను చేస్తే ఒక కుర్రగొంతు చాలా మర్యాదగా పలికింది.

“మిగతావన్నీ ఒప్పుకుంటే మారుతుంది సార్.”

“ఒప్పించాల్సింది ఎవర్నండీ? వీటి పైన ఎవరో ఒకరు ఉంటారు కదా!”

“పైన ఎవరూ ఉండరు సార్. దీని గొప్పతనమే అది.”

మార్కెట్ దగ్గరి పాత వంతూ పోయింది, కొత్తగా రాయించుకుంటే వరుసలో అందరి వెనకా నిలబడాలి. అంతవరకూ ఆగే ఒళ్ళా అది? సూపరింటెండెంటు దగ్గరకెళ్ళి నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆయన చేతులెత్తేశాడు.

డయాలసిస్ వార్డులో నర్సమ్మ అక్కకు పాత స్నేహితురాలు. ఆవిడకూ కళ్ళనీళ్ళు తిరిగాయి.

“నేను సూది గుచ్చడానికి రెడీనే బాబూ. కానీ వంతులో పేరు లేందే ఇక్కడి డయాలసిస్ మిషను ఆన్ కూడా కాదు.” తర్వాత గొంతు తగ్గించింది. “క్యాజువాలిటీలో పాత డయాలసిస్ మిషను ఒకటుంది, దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. కానీ ఆయాసం వచ్చి ఊపిరాడకపోతేనే అక్కడ పెట్టనిస్తారు. అంతకుముందు కుదరదు.”

అతను తన గదికి దిగి, మిషను స్విచ్ మీద చెయ్యి వేశాడు. నొక్కితే ఏమవుతుంది? దీని పని మిగిలినవి ఎత్తుకుంటాయి. పదీ ఒక్కసారిగా ఆపగలిగినా, ఊరంతా మంచాల మీద రక్తం తిరుగుతున్నవాళ్ళ గతేం కాను? వాళ్ళలోనూ ఎవరి అక్కలో ఉంటారు. చెయ్యి తీసేశాడు.

మర్నాడు పొద్దున్న వచ్చి వేలిముద్ర పెడితే ఆ గది తలుపు తెరుచుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఎర్ర దీపమే వెలిగింది. జేబులో ఫోను టింగుమంది. “మీ వద్ద నుండి పదే పదే తప్పుడు వివరాలు వస్తున్నందున మీ అనుమతి నిలిపివేయబడినది. సమస్య పరిష్కరించబడినది.” ఎవరు పంపారని అడగడానికి అవతల మనిషంటూ లేడు. దుప్పట్లు ఉతికేవాళ్ళు చూస్తుండగానే అతను మెట్ల మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క కిటికీ దగ్గర కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని ఉంది. పాదాలు ఉబ్బి, వేలు పెడితే గుంట పడేలా ఉన్నాయి.

“ఏమైందిరా డాక్టరూ? నా రోగం కుదిరిందా?”

“రోగం నేనేనటక్కా. నన్ను తీసేసి బాగుపడ్డాయట.”

అక్క ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగలేదు. అతను ఒక్క ఉదుటున లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

“ఆయాసమా అక్కా? ఆటో పిలవనా?”

“కాదురా... ఊరికే పొలమారింది,” అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

అతనికి ఉస్సూరుమంది. ఆ ఉస్సూరుమనడం ఎందుకో అర్థమైన మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. ఆవిడకు ఊపిరి ఆడుతోందని తను దిగులుపడ్డాడు!

అక్క అతని మొహం చూసింది. ఆవిడకు నర్సమ్మ ఫోను చేసి అంతా చెప్పే ఉంటుంది.

“బాధపడకురా. రాత్రికి ఆయాసం వస్తుందిలే,” అంది.

అతను కుర్చీ వెనక నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్క వీపుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి ఎలా నడుస్తోందో వినసాగాడు.