బాపుకు కొనిచ్చిన బస్సు గేమ్

మా బాపు సిటీ బస్సు డ్రైవర్. రిటైర్ అయినంక ఆర్నెల్లు ఇంట్ల కాలు గాలిన పిల్లి లెక్క తిరిగిండు. పొద్దున నాలుగున్నరకే లేసి, తానం చేసి, ఇస్త్రీ అంగి తొడుక్కొని కుర్చీల కూసుంటుండె. "యాడికి పోవాల్నయా నువ్వు?" అని అమ్మ అడిగితే పేపర్ అడ్డం పెట్టుకుంటుండె.

నేను మొఘల్‌పురాల ఒక బడిల కంప్యూటర్ టీచర్‌ని. మా తొమ్మిదో క్లాసు పిల్లలు బస్సు నడిపే గేమ్ ఒకటి మస్తుగుందని లొల్లి లొల్లి చేస్తుంటే విన్న. నిజం బస్సు లెక్కనే గేర్లు మార్చాల్నట, స్టాపుల ఆపి డోర్ తెరవాల్నట, లేటయితే ప్యాసింజర్లు గునుగుతరట. నాకు బాపు యాదికొచ్చిండు. ఆ గేము, దానికి పెట్టే స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడల్స్, అన్నీ కొని కిషన్‌బాగ్‌ల మా ఇంటికి తెచ్చిన.

"పోరగాళ్ల ఆట నాకెందుకు బిడ్డా?" అన్నడు. అన్నడు గాని, నేను వైర్లు పెట్టేదాంక పక్కకెళ్లి కదల్లే.

మొదటి రోజు బాపు ముఖం నేను మర్చిపోను. కుర్చీ ముందుకు జరుపుకొని, వెనకకు జరుపుకొని, స్టీరింగు మీద రెండు చేతులు పెట్టి, "ఇదేంది, రోడ్డుకు కుడి దిక్కు పోతున్నం?" అన్నడు.

"ఫారిన్ ఊరు బాపూ. ఆడ గట్లనే పోతరు."

"అంతా ఉల్టా ఉన్నది."

అయినా అర్ధగంటల పట్టు దొరకబట్టిండు. అమ్మ వంటింట్లకెళ్లి చేతులు తుడుసుకుంట వచ్చి ఎనక నిలబడి, "ఒక టికెట్ ఇయ్యుండ్రి" అంటే, "లోపలికి జరుగు, లోపలికి జరుగు" అని కండక్టర్ లెక్క ఒర్రిండు. ముగ్గురం నవ్వినం. ఫుట్‌బోర్డు మీద ఎవ్వరు ఏలాడ్తలేరని, చిల్లర కాడ కొట్లాట లేదని వంకలు పెట్టిండు. "గింత నిమ్మలంగ ప్యాసింజర్లు యాడన్న ఉంటరా?" అన్నడు. నాకు నా జీవితంల అంత మంచి సామాన్ ఎన్నడూ కొనలేదనిపించింది.

పది పన్నెండు రోజులు గట్లనే నడిచింది. ఒక ఆదివారం చర్చికి పోయొచ్చి, తిని, బాపు గేమ్ ముందల కూసున్నడు. నేను పక్కన మంచం మీద పిల్లల పేపర్లు దిద్దుతున్న. తెరల ఒక మూల మలుపు. గోధుమరంగు కోటు తొడుక్కున్న ముసలాయన, చేతిల నల్ల సంచి. ఫుట్‌పాత్ దిగి సీదా బస్సుకు అడ్డమొచ్చిండు. బాపు బ్రేకు తొక్కేలోపట బస్సు ఆయన మీదికెళ్లి పోయింది.

చప్పుడు రాలే. ముసలాయన బస్సుల దూరి, అవతలి దిక్కుకెళ్లి బయటికొచ్చి, అదే నడకతోటి, అదే సంచి పట్టుకొని నడుసుకుంట పోయిండు. తెర మీది సైడు అద్దంల ఆయన ఈపు కనపడ్డది.

బాపు బస్సు ఆపిండు. స్టీరింగు మీదికెళ్లి చేతులు తీసిండు.

"ఆయన యాడికి పోయిండు?"

"గేమ్‌ల గంతే బాపూ. వాళ్లకు దెబ్బ తాకది. నీడలసొంటోళ్లు."

బాపు ముఖం మీద చెమట. ఎండకాలం గూడ కాదు.

ఆ రోజుకెళ్లి బాపు ఆట మారింది. పగటీలి అన్నం తిని కూసుంటుండె, బస్సు తీస్తుండె, ఆ మూల మలుపు దాంక పోయి ఆపుతుండె. ఇంక కదలకపోతుండె. ఇంజన్ చప్పుడొక్కటే ఇల్లంత వినపడుతుండె. తెర మీద లేటయిందని ఎర్రక్షరాలు పడుతుండె, ప్యాసింజర్లు గునుగుతుండె, పాయింట్లు కోతపడుతుండె. బాపు ఫుట్‌పాత్ దిక్కు చూసుకుంట కూసుంటుండె. ముసలాయన ఒక్కోపాలి వస్తుండె, ఒక్కోపాలి రాకపోతుండె. వస్తే, ఆయన రోడ్డు దాటేదాంక ఆగి, అప్పుడు బండి బంద్ చేస్తుండె.

నాకు ముందుగాల కోపమొచ్చింది. ఇంత మనసు పెట్టి కొనిస్తే నడపడేందని. తర్వాత భయమైంది. గేమ్ సెట్టింగుల మనుషులు కనపడకుండ చేసేది ఉంటది. ఒకనాడు బడికి పోయే ముందు దాన్ని నొక్కి పోయిన. మంచి పనే చేసిన అనుకున్న.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బాపు నా కోసమే ఎదురుచూస్తున్నడు. తెరల ఊరు ఊరంత ఖాళీ. స్టాపులల్ల ఎవ్వరు లేరు. ఫుట్‌పాత్‌లు ఊడ్చిపెట్టినట్టు ఉన్నయి. సిగ్నల్ లైట్లు వాటికవే ఎర్రగ, పచ్చగ మారుతున్నయి.

"అందర్ని ఏం జేసినవ్?" అని అడిగిండు.

ఆ గొంతు విన్నంక సంచి గూడ దించకుండ సెట్టింగులల్ల నొక్కి మల్ల అందర్ని తెచ్చిన.

మరునాడు నాకు సెలవు. అమ్మ చాటల బియ్యం ఏరుకుంట నాకు చెప్పింది. నేను రెండో క్లాసుల ఉన్నప్పుడు కార్వాన్ మలుపు కాడ బాపు బస్సు కింద ఒక ముసలాయన పడి చచ్చిపోయిండు. చేతిల దస్తీల కట్టుకున్న రొట్టెలు. ఎంక్వయిరీ అయింది, డ్రైవర్ తప్పు లేదని రాసిండ్రు. ఇరవై రోజులకు బాపు మల్ల అదే రూటు ఎక్కిండు, రిటైర్ అయ్యేదాంక అదే నడిపిండు.

"నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు" అన్నది అమ్మ.

చర్చిల బాపు ఎప్పుడూ ఆఖరి బెంచి మీదనే కూసుంటడు. ప్రభువు బల్ల కాడికి రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటందుకు అందరూ లేసి పోతే తను లేవడు. మోకాళ్ల నొప్పులనుకున్న నేను. మోకాళ్లు నొయ్యని రోజులల్ల గూడ గట్లనే కూసున్నడని ఆ దినం దాంక నాకు తట్టలే.

ఆ పగటీలి పోయి బాపు పక్కన కూసున్న. తెరల బస్సు మూల మీద ఆగి ఉన్నది.

"అమ్మ చెప్పింది బాపూ."

బాపు తెర మీది అద్దం దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "అప్పుడు గూడ అద్దంల చూసిన బిడ్డా. అవతలికెళ్లి బయటికొస్తడు, నడుసుకుంట పోతడు అనుకున్న. ఇన్నేండ్లు ప్రతి దినం ఆ మలుపు కాడ అద్దంల చూసిన. రాలే. దీంట్ల వచ్చిండు."

బండి బంద్ చేసి, "వాళ్ల ఇల్లు నాకు ఎరుకే" అన్నడు. "మూడుసార్లు గల్లీ మొదలు దాంక పోయి మర్లొచ్చిన."

ఆ వచ్చిన శనివారం ఇద్దరం పోయినం. కార్వాన్‌ల సన్న గల్లీ. బాపు నా మణికట్టు పట్టుకొని నడిచిండు, నేను చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నట్టు. ఆ ఇంటి కాడ ఇప్పుడు కొత్త మూడంతస్తులు. ఎదురింటి మెట్ల మీద ఒక పెద్దమ్మ ఎల్లిగడ్డలు ఒలుసుకుంట కూసున్నది. నేను ఉర్దూల అడిగిన.

"వో లోగ్? కబ్ కే చలే గయే" అన్నది. ఇల్లు అమ్ముకొని పోయి చానేండ్లయిందట. యాడికి పోయిండ్రో ఎవ్వరికి ఎరుక లేదట. మాకు పీటలు ఏసింది, నీళ్లిచ్చింది. మేం అడగకుండనే చెప్పుకుంట పోయింది. ముసలాయన మంచోడట, గల్లీ పిల్లలకు గాలిపటాలు కట్టిస్తుండెనట, ఆ మలుపు కాడ బస్సు కింద పడి చచ్చిపోయిండట.

"డ్రైవర్ భాగ్ గయా" అన్నది. డ్రైవర్ ఉరికిపోయిండట. ముసలాయన భార్య బతికున్నన్ని దినాలు ఆ మాటే చెప్పుకుంట ఏడ్చేదట.

నా ఒళ్లు మండింది. బాపు ఉరకలే. దవాఖాన వరండాల రాత్రిదాంక కూసున్నడని, అంగి మీది నెత్తురు మరకలు పొద్దున తనే ఉతికిందని అమ్మ అంతకుముందే చెప్పింది. "నై అమ్మా..." అని నోరు తెరిచిన. బాపు నా మణికట్టు గట్టిగ ఒత్తిండు. గ్లాసు కింద పెట్టి, "శుక్రియా అమ్మా" అని లేసిండు.

గల్లీ బయట ఇరానీ హోటల్‌ల కూసున్నం. చాయ్ సల్లారిపోయింది.

"ఎందుకు చెప్పనియ్యలే బాపూ? నువ్వు ఉరకలేదు గదా?"

"దవాఖాన తర్వాతి ముచ్చట" అన్నడు. "అద్దంల చూసిన అని చెప్పిన గదా. చూసుకుంట ఉన్న, బండి పోతనే ఉన్నది. బ్రేకు మీద కాలు పెట్టలే. కండక్టర్ ఒర్రేదాంక పెట్టలే. ఎంక్వయిరీల ఎవ్వరు అడగలే, నేను చెప్పలే. ఎంత దూరం పోయిన్నో నాకు ఎరుక లేదు. ముసలాయన భార్యకు ఎరుకేనేమో."

చాయ్ తాగకుండనే లేసి ఇంటికొచ్చినం. అమ్మకు ఇల్లు దొరకలేదని మటుకే చెప్పినం.

రెండు నెలలు బాపు గేమ్ ముట్టలే. స్టీరింగు మీద అమ్మ పాత చీర కప్పి పెట్టింది. పారేద్దామా అంటే వద్దన్నడు. తర్వాత ఒక పగటీలి తనే చీర మడత పెట్టి పక్కకు పెట్టి కూసున్నడు.

ఇప్పుడు రూటు మొత్తం నడుపుతడు. ఆఖరి స్టాపు దాంక పోతడు, డోర్ తెరిచి అందర్ని దింపుతడు. ఆ మూల కాడ మటుకు ఆగుతడు. వంటింట్లకు వినపడ్తది, గేర్ దించుడు, బ్రేకు పడుడు, ఇంజన్ ఒక్క తీరుగ మోగుడు. అమ్మ చేతిల పని ఆపుతది. నేను గూడ ఆపుత. ఎవ్వరం ఆ అర్రలకు పోం. ఒక్కోనాడు చానసేపయితది. ఆఖరికి బస్సు కదిలిన చప్పుడొస్తది, అమ్మ పొయ్యి మీది కూర కలుపుతది.