టూసాన్ మట్టింటికి నేను పెట్టిన వంకలు

నా బేరాల వల్ల దారుణంగా నష్టపోయినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. రెండోది మా ఆవిడ సునీత. ఇప్పటికీ ఆమె ముందు టూసాన్ ఊరి పేరెత్తితే నాకు ఆ పూట కాఫీ ఉండదు. ఎందుకో చెబుతాను. నవ్వుకోండి, కానీ ఆమెకు వినబడకుండా.

నేను చీరాలలో బట్టల కొట్ల మధ్య పెరిగాను. మా నాన్న కొట్లో నేర్చుకున్న మొదటి పాఠం: "చీర భలే ఉందండీ" అన్న మనిషి కొనడు. "అంచు సన్నం, రంగు పోతుందేమో" అని వంక పెట్టినవాడే కొంటాడు. అలాంటివాళ్లకే నాన్న కుర్చీ వేయించి సోడా తెప్పించేవాడు. వంక పెట్టి, లేచి, చెప్పులేసుకుని నాలుగడుగులు వేస్తే వెనక నుంచి పిలుపు రావలసిందే. అది మా బజారు ధర్మం.

ఈ విద్యను భద్రంగా అమెరికాలోని అరిజోనాకి తెచ్చుకున్నాను. కొన్నేళ్ల కిందట, ఇద్దరి జీతాలూ, కంపెనీ షేర్లూ కలిసొచ్చిన తరుణంలో, టూసాన్‌లో నూరేళ్లు దాటిన మట్టి ఇటుకల ఇల్లు అమ్మకానికొచ్చింది. దాన్ని బాగుచేయించిన యజమాని మార్గరెట్ అనే డెబ్బై ఏళ్లావిడ. చేయించడమేమిటి, సగం పని తనే చేసింది. ఎవరికి అమ్మాలో కూడా తనే చూసుకుంటానని, వచ్చినవాళ్లకి స్వయంగా ఇల్లు చూపిస్తోంది.

కారు దిగేముందు సునీతను హెచ్చరించాను.

"లోపల ఎంత నచ్చినా ఫేస్‌లో కనిపించకూడదు. పంటినొప్పి ఉన్నట్టు ఉండు."

"నచ్చిందని చెప్తే ఏమవుద్ది?"

"బేరం పోద్ది."

లోపల అడుగు పెట్టగానే నేనే నోరు తెరిచాను. బయట కారు మీద అట్టు వేసుకోవచ్చు. లోపల కొత్త కుండలో నీళ్లంత చల్లదనం. మూరెడు మందం గోడలు. పైకప్పు కింద జెముడు మొక్కల ఎండు బద్దలు చాప పరిచినట్టు పేర్చారు. పాత కిటికీ అద్దాల్లోంచి చూస్తే ఎడారి కొండలు చెరువులో నీడల్లా కదులుతున్నాయి. ఒక్కో తలుపుకీ పాత రంగు గీకి, అసలు కలప బయటపడేదాకా వదల్లేదట మార్గరెట్. కాయలు కాసిన అరచేతులు చూపించింది. ఆ చేతులకి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. ముక్కు చిట్లించి, "గోడలు తిన్నగా లేవు" అన్నాను.

ఆమె చిన్న నోట్‌బుక్ తీసి రాసుకుంది. నాకు సోడా వచ్చినంత సంతోషం! అద్దాలు సాఫీగా లేవన్నాను. నేల ఎగుడుదిగుడన్నాను. తలుపు కిర్రుమంటోందన్నాను. ఊపు మీదున్న మనిషిని ఎవరాపగలరు? పెరట్లో నిమ్మచెట్టు నీడ మరీ ఎక్కువన్నాను. టూసాన్‌లో, జూన్ నెలలో. అదీ రాసుకుంది.

ఇంతలో సునీత కళ్లు మూసుకుని గోడకి చెంప ఆనించి కనిపించింది.

"పంటినొప్పి" అని తెలుగులో గుర్తు చేశాను.

"దానికే. చల్లగా ఉందని ఆనించా."

అడిగిన ధర కన్నా బాగా తగ్గించి ఒక మాట చెప్పి, బయటికి నడిచాను. ఎంత నెమ్మదిగా అంటే, ఎడారి తాబేలు హారన్ కొట్టి నన్ను దాటిపోయేది. షూ లేసు రెండుసార్లు కట్టుకున్నాను.

"ఇప్పుడు పిలుస్తది చూడు."

"తలుపేసుకుంది" అంది సునీత.

మూడోరోజు మార్గరెట్ ఫోన్ చేసింది. విజయగర్వంతో స్పీకర్ ఆన్ చేశాను. ఆవిడ గొంతులో నిజమైన జాలి.

"నిన్న ఒక జంట వచ్చి గుమ్మంలోనే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీరన్న ధర కన్నా తక్కువకే వాళ్లకి ఇచ్చేశాను. మీరు ఆ ఇంట్లో సుఖపడలేరు కదా. కానీ మీ ఇబ్బందులన్నీ రాసుకున్నాను. అవేవీ లేని ఇల్లు ఒకటి వెతికి పెట్టాను."

కాదనలేక కొన్న ఆ ఇంట్లోనే ప్రస్తుతం కూర్చుని ఇది రాస్తున్నాను. ఫీనిక్స్ శివార్లలో కొత్త కాలనీ. గోడలు నిటారు, అద్దాలు సాఫీ, నేల సమతలం. కనుచూపు మేరలో నీడనిచ్చే చెట్టు లేదు. వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే దీని వంక.

అందుకని ఈ నిటారు గోడ సాక్షిగా ప్రమాణం చేశాను: నచ్చినదాన్ని నచ్చిందనే అంటాను, మొదటి మాటలోనే అంటాను, ప్రాణం పోయినా వంక పెట్టను.

ఆ పూటే సునీత వండిన వంకాయ కూర భలే ఉందన్నాను.

"అయితే తినవన్నమాట" అని గిన్నె తీసేసింది.