వరహాలు నోట కమిటీ మాట

మా తమ్ముడు వరహాలు మా పేటకి కులపెద్ద. మా నాన్న పెద్ద, మా తాత పెద్ద, ఆ పైవాళ్ళూ పెద్దలే. ఇతను దేనికీ పోటీ చేయలేదు, ఏ పరీక్షా రాయలేదు. ఇంట్లో మొదటి మగపిల్లాడిగా పుట్టాడు, అంతే. అతనికంటే నాలుగేళ్ళు ముందు నేను పుట్టాను. ఆడపిల్లని కాబట్టి నాకు చేపల గంప ఇచ్చి, అతనికి ఎర్ర తలపాగా ఇచ్చారు. గంప నాకు అన్నం పెట్టింది. తలపాగా వల్ల అతనికి ఎండాకాలం తలనొప్పి వస్తుంది.

మా పేట విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు పక్కనే. తల ఎత్తితే ఓడల క్రేన్లు, దించితే మా తెప్పలు. కులపెద్ద అనగానే కొత్తవాళ్ళు పేటంతా అతని గుప్పిట్లో ఉందనుకుంటారు. నడిపేది కమిటీ. తొమ్మిది వీధులు, తొమ్మిది మంది మెంబర్లు. మూడేళ్ళకోసారి ఏ వీధివాళ్ళు ఆ వీధి మెంబరుకి ఓటేస్తారు. తొమ్మిదిలో ఐదుగురు ఏ జట్టు వైపుంటే ఆ జట్టు నాయకుణ్ణి వరహాలు పిలిచి కమిటీ గది తాళం చేతిలో పెడతాడు. ఎవరికి పెట్టాలో చెప్పేది ఆ ఐదు చేతులే. అతని చేయి తాళం అందించడానికి మాత్రమే. వరహాలుకి ఓటు లేదు. కమిటీ కూర్చుంటే గదిలోకి వెళ్ళకూడదు. బయట బోర్లించిన తెప్ప నీడలో కూర్చుంటాడు. లోపల నవ్వుకున్నా కుర్చీలు విసురుకున్నా అతను తెప్ప నీడలోనే.

ఏటా వేసవిలో ఉండే చేపల వేట నిషేధం ముగిసే ముందురోజు పేటంతా ఒడ్డున చేరుతుంది. ఆ ఏడాది ఏం చేయబోతుందో కమిటీ కాగితం మీద రాసిస్తుంది. వరహాలు తలపాగా చుట్టుకుని, ‘ఈ ఏడు మనం ఇది సేత్తాం’ అని అందరికీ వినపడేలా చెప్పాలి. నచ్చినా నచ్చకపోయినా ‘మనం’ అనాలి. ఒక ఏడాది ఒడ్డు మీద పేకాట మానిపించేస్తామని ఎంత గట్టిగా చెప్పాడో! పేకాటలో అతనే అందరికంటే ముందు కూర్చునేవాడు.

వరహాలుకి చదువు రాదు. ఆ కాగితం అతనికి చదివి వినిపించేది సుందర్ రాజ్. మా ఎదురింట్లో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు విదేశీ ఓడల్లో వంట చేసి వచ్చాడు. ఆదివారం చర్చికి వెళ్తాడు, మిగతా ఆరు రోజులూ మా అరుగు మీదే ఉంటాడు. ఒకసారి నేను నెత్తళ్ళు ఏరుతుంటే వచ్చి కూర్చున్నాడు.

“దేముడమ్మప్పా, ఇంగ్లాండు రాజుగారు కూడా మన వరహాలు లాంటోడే.”

“ఆయనకి తెప్పుందేటి?”

“తెప్ప లేదు గాని పెద్ద మేడుంది. దేశాన్ని ముక్కలు సేసి ముక్కకో మెంబర్ని ఓట్లేసి పంపుతారు. మెంబర్లకి పార్టీలుంటాయి. ఏ పార్టీకి సగం కన్నా ఎక్కువమందుంటే దాని నాయకుణ్ణి రాజు పిలిసి, ‘నువ్వు నడుపు’ అంటాడు.”

“ఆ నాయకుడి మొహం రాజుకి పడకపోతే?”

“ఆయన ఇష్టంతో పనేటి? ఎవులికీ సగం రాకపోతే పార్టీలే కలుసుకుని లెక్క సూపిత్తాయి. సభ మొదలెట్టిన్రోజు రాజు కిరీటం ఎట్టుకుని, ‘నా ప్రభుత్వం ఇది సేత్తాది’ అని సదువుతాడు. రాసిచ్చేది మంత్రులు. మెంబర్లు కూకునే గదిలోకి ఆయన అడుగెట్టడు. ఆయనున్న ఇంకో గదికి రమ్మని పిలవడానికి ఆయన మనిషెల్తే, ముందు మొహమ్మీదే తలుపేసేత్తారు.”

“మరి ఓడిపోయినోళ్ళు ఏటి సేత్తారు?”

“ఎదురుగా కూకుని గెలిసినోళ్ళని నిలదీయడమే ఆళ్ళ పని. ఆళ్ళ నాయకుడికి దానికి జీతం కూడా ఇత్తారు.”

నలభై ఏళ్ళుగా ఆ పని నేను ఊరికే చేస్తున్నాను.

పోయినేడు ఎన్నికలొచ్చాయి. మరబోట్ల జట్టుకి గవర్రాజు నాయకుడు, తెప్పల జట్టుకి గోపి. చేపలు ఎండబెట్టే ఇసక దిబ్బని ఐస్ ఫ్యాక్టరీకి ఇచ్చేస్తానని గవర్రాజు వీధివీధికీ చెప్పాడు. బోట్లవాళ్ళకి ఐసు కావాలి. నాకు దిబ్బ కావాలి. పెళ్ళయిన నాటి నుంచీ పడమటి కొసన నా చేపలే ఎండుతున్నాయి. ఈ మోకాళ్ళతో గంప ఎత్తుకుని వీధులు తిరగలేను. దిబ్బ పోతే నా బేరం పోయినట్టే.

ఓట్లు లెక్కపెడితే గవర్రాజుకి నలుగురు, గోపికి నలుగురు. మిగిలిన ఒక్క సీటు ఏ జట్టులోనూ లేని వెంకటరమణమ్మది. ఆవిడా ఎండుచేపల మనిషే, కొడుకేమో మరబోటు మీద పని. దిబ్బ మీద తూర్పు కొస ఆవిడది.

నేను తిన్నగా వరహాలు దగ్గరికి వెళ్ళాను.

“ఒరే, తాళం గోపికిచ్చీ.”

“గోపికి నాలుగు సేతులే ఉన్నాయప్పా.”

“గవర్రాజుకి మాత్రం ఏవున్నాయి?”

“నాలుగే. అందుకే ఆడికీ ఇవ్వను. ఐదు సేతులు సూపించినోడికే ఇత్తాను.”

“నిన్ను సంకనెట్టుకుని పెంచాన్రా!”

“పెంచినావు. నాను గోపికిత్తే గవర్రాజోళ్ళు ఐదో సెయ్యి తెచ్చుకుని రేపే దించేత్తారు. అప్పుడు నీ దిబ్బా పోద్ది, నా మాటా పోద్ది.”

రెండు రోజులు రెండు జట్లూ వెంకటరమణమ్మ గుమ్మం చుట్టూ తిరిగాయి. అంతకుముందు ఆవిడకి మంచినీళ్ళిచ్చినవాడు లేడు. మూడోరోజు ఆవిడ గవర్రాజు వైపు చెయ్యెత్తింది. దిబ్బలో సగం ఉంచెయ్యాలని షరతు పెట్టిందట. ఏ సగమని అడిగాను. తూర్పు సగం. పడమట ఐస్ ఫ్యాక్టరీ. వరహాలు గవర్రాజుని పిలిచి తాళం చేతిలో పెట్టాడు. గోపి దండం పెట్టి ఎదురు వరసలో కూర్చున్నాడు.

వేటకి రెండు రోజుల ముందు కాగితం వచ్చింది. సుందర్ రాజ్ అరుగు మీద చదువుతుంటే వరహాలు కళ్ళు మూసుకుని ఒక్కో మాటా పట్టుకున్నాడు. మూడోది దిబ్బ సంగతి. సుందర్ రాజ్ నా వైపు చూడకుండా చదివేశాడు.

“ఒరే వరహాలు, నీకు సదువు రాదు. ఆ మూడోది మర్సిపోయానని సెప్పీ. ఎవడు తప్పు పడతాడు?” అన్నాను.

వరహాలు చుట్ట ఆర్పాడు. “నాను మింగేత్తే ఫ్యాక్టరీ ఆగిపోద్దేటప్పా? సప్పుడు సెయ్యకుండా కట్టేత్తారు. నలుగురూ ఇన్నదాన్నయితే ఎవుడో ఒకడు అడుగుతాడు. ఇననిదాన్ని ఎవుడడుగుతాడు?”

“అయితే నువ్వే సెప్తావా?”

“నానే సెప్తాను.”

ఆ పూట అతనికి చేపల పులుసు పంపలేదు.

మర్నాడు పేటంతా ఒడ్డు మీదే ఉంది. వరహాలు తలపాగా చుట్టుకుని నిలబడ్డాడు. మొదటిది వలల సంగతి, చెప్పాడు. రెండోది వీధి దీపాలు, చెప్పాడు. అక్కడ ఆగాడు. మర్చిపోయాడేమోనని సుందర్ రాజ్ పెదాలు కదిపాడు. వరహాలు నన్ను చూశాడు. నేను సముద్రాన్ని చూశాను.

“దిబ్బలో పడమటి సగం మనం ఐస్ ఫ్యాక్టరీకి ఇత్తన్నాం!”

క్రేను మీదున్నవాడికి కూడా వినపడేటట్టు అరిచాడు. వెంటనే గోపి లేచాడు.

“పడమట ఎండబెట్టుకునే పదిహేనుమంది ఆడోళ్ళు ఎక్కడికెల్లాల? కమిటీ సెప్పాల!”

ఆ సంగతి కాగితంలో లేదు. ఎవరూ ఆలోచించినట్టూ లేదు. పదిహేనుమందిమీ నడుం మీద చేతులు పెట్టుకుని లేచాం. కుర్రకారంతా ఫోన్లు పైకెత్తారు.

“ఎక్కడికో ఎందుకు? తూర్పు సగంలోనే అందరికీ సోటిత్తాం!” అనేశాడు గవర్రాజు.

వెంకటరమణమ్మ నోరు తెరిచింది. చెయ్యెత్తి గద్దెనెక్కించింది ఆవిడే, ఇప్పుడు ఎదురు మాట్లాడితే ఐదో చెయ్యి దిగిపోయి గవర్రాజు పడిపోతాడు, ఐసూ పోతుంది. నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే బోట్లు వెళ్ళిపోయాక వరహాలు నా గుమ్మం ముందు నిలబడ్డాడు. తలపాగా లేదు, లుంగీ మోకాలి పైకి కట్టాడు. చేపలు ఎండబెట్టే నా పాత వలలు భుజాన వేసుకుని, గుంజలు చంకన పెట్టుకున్నాడు. నేను వెనకాలే నడిచాను. తూర్పు సగంలో వెంకటరమణమ్మ వలలకి ఆనించి నా వలలు పరిచాడు.

“వదినా, ఇది నా సేతి వల్ల మిగిలిన జాగా,” అంది ఆవిడ.

“అవునమ్మా. అందుకే కూసింత జరుగు,” అన్నాను.

జరిగింది. గొణుక్కుంటూనే, బెత్తెడు.

వరహాలు గుంజ పాతుతున్నాడు. వెంకటరమణమ్మదీ నాదీ ఒకటే వీధి. ఆ మాట గుర్తొచ్చింది.

“ఒరే, వచ్చేసారి మా ఈధిలో నానే నిలబడతాను. నాను రాసిచ్చిన కాగితం కూడా ఇలగే గట్టిగా సెప్పాల.”

“సెప్తానప్పా.”

“నాకు సాయం సేత్తావు కదా, ఓట్లప్పుడు?”

“నాకు ఓట్లేదప్పా,” అని గుంజ మీద ఇంకో దెబ్బ వేశాడు.