కలశం మీది స్త్రీ

మ్యూజియం గైడు పెద్దాయన ఆ బొమ్మ ముందు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గొంతు సవరించుకుంటాడు. ప్రాచీన పాలరాతి కలశాన్ని చూసి, కొన్ని వందల ఏళ్ల కిందట ఎవరో రాగిరేకు మీద సన్నటి గీతలతో చెక్కి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ అది. కలశం మీద ఒక స్త్రీ తల వాల్చి కూర్చుని ఉంటుంది. ఆమె ఏడుస్తోందని ఆయన సందర్శకులకు చెప్పేవాడు. ఆయన భార్య అక్కడే టికెట్లిచ్చేది. ఆమె మాత్రం ఒప్పుకునేది కాదు.

"ఇంటెడు చాకిరీ చేసినదానికి కునుకు పట్టదా? ఆడది కాస్త కూర్చుంటే చాలు, మీకు ఏడ్చినట్టే కనిపిస్తుంది" అనేది.

పోయిన నెల ఆమె చనిపోయింది. ఆయన మళ్లీ పనిలోకి వచ్చిన రోజున ఒకామె బొమ్మ చూసి, "పాపం, ఏడుస్తోందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా, నిద్రపోతోంది" అన్నాడాయన. పక్క బొమ్మ దగ్గరికి జనం నడిచారు. ఆయన కళ్లజోడు కళ్ల మీదికి దించుకుని, ఆ బొమ్మనే చూస్తూ నిలబడ్డాడు.