ప్రమీల మేడం పట్టుకోబోయిన చెయ్యి

మొన్న మా ఆఫీసులో కొత్తగా నాపరాళ్ళు పరిచారు. చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టగానే అరికాళ్ళ నుంచి చల్లదనం పిక్కల దాకా పాకింది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, దేవరకొండలో ఒక ఫంక్షన్ హాలు వెనుక గదిలో, ఇలాంటి చల్లటి బండల మీదే ప్రమీల మేడం మమ్మల్నందరినీ ఉత్త కాళ్ళతో నిలబెట్టారు. ఆమె ఇప్పుడు లేరు. ఆమె చేసిన పని ఏమిటో, చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. సేవాసంస్థలు నడిపేవాళ్ళకు కులం గురించి శిక్షణ ఇచ్చేవారు. కానీ చట్టాలు చెప్పేవారు కాదు, ఉపన్యాసాలు ఇచ్చేవారు కాదు. కులం మన ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉందో మనకే చూపించేవారు. కృష్ణ ఒడ్డున, ఆత్మకూరు దగ్గరి పల్లె ఆమెది. ఫిజియోథెరపీ చదివి, పడిపోయిన కాళ్ళకూ చేతులకూ కదలిక తెప్పించే పని చాలా ఏళ్ళు చేశారు. మనిషి నోటితో ఒకటి చెబుతుంటే ఒళ్ళు ఇంకోటి చెప్పడం అక్కడే గమనించానని అనేవారు.

అప్పుడు నేను అమ్రాబాద్ అడవిలోని చెంచుగూడేల్లో పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను. గొర్రెలు కాసుకునే కురుమల ఇంటి పిల్లను. ఆ సంస్థ పెట్టింది జనార్దన్ సార్. దొరల ఇంట్లో పుట్టి, భూములూ మేడలూ వద్దనుకుని వచ్చిన మనిషి. నన్ను డిగ్రీ చదివించింది ఆయనే. గూడేనికి వెళితే అందరితో పాటు నేల మీద కూర్చుని తినేవారు. నాకు ఆయన దేవుడితో సమానం. అయినా మా దగ్గర చేరిన చెంచులు ఒక్కొక్కరే మానేస్తూ వచ్చారు. చివరికి లింగయ్య ఒక్కడు మిగిలాడు. అతను కూడా పోతే గూడేల్లో మాతో మాట్లాడే మనిషే ఉండడు. ఎందుకిలా జరుగుతోందో అంతుపట్టక, సారే ప్రమీల మేడాన్ని పిలిపించారు.

"నేను మాదిగింటి ఆడబిడ్డను. ఇప్పుడు ఒక్కొక్కల చెయ్యి పట్టుకుంట. మీకు ఊపిరి ఆడుతాందో, ఆగుతాందో చూసుకోండ్రి, అంతే" అంటూ మేడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుంటూ సార్ దగ్గరికి వచ్చి చెయ్యి చాచారు. సార్ చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళింది. కాలే పెనం తగిలినట్టు. మరుక్షణం ఆయన నవ్వి, మళ్ళీ ముందుకు చాచారు.

"సార్, ఇప్పుడేమైంది?"

"ఏమీ కాలేదమ్మా. చెయ్యి ఇస్తున్నాను కదా."

"అంతకుముందు?"

"ముందేముంది?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు తెలియలేదు. కానీ గదిలో ఉన్నవాళ్ళమంతా చూశాం. గోడ పక్క నుంచి లింగయ్య మెల్లగా అన్నాడు, "నాకెరికే మేడం. సార్ నాకు చాయ గ్లాసు చేతికియ్యడు. బల్ల మీద వెడ్తడు. మస్తు దినాల సంది గంతే."

కోపం లేదు ఆ గొంతులో. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పాడు. ఆ బల్ల దగ్గరే నేను ఇన్నేళ్ళు కూర్చున్నాను. ఆ గ్లాసుల్లో చాయ పోసింది చాలాసార్లు నేనే. నాకు ఒక్కసారీ కనబడలేదు.

సార్ ముఖం పాలిపోయింది. "లింగయ్యా, నన్ను క్షమించు" అంటూ రెండు చేతులూ జోడించబోయారు. మేడం ఆపారు.

"మాఫీ అడుగకుండ్రి సార్. అడిగితె మీకు పానం తేలికైతది, ఆయినకేమొస్తది? జర గట్లనే నిలవడుండ్రి. ఒంట్లె ఏమైతాందో సూస్కోండ్రి."

సార్ నిలబడ్డారు. ఒక చెయ్యి గోడకు ఆనించుకున్నారు. నుదుటి నుంచి చెమట కారుతోంది. ఆయన్ను అలా నోరు మూయించి నిలబెట్టిన మనిషిని నేనెన్నడూ చూడలేదు. కుర్చీ తీసుకుని పరుగెత్తబోయాను. మేడం తల కూడా తిప్పకుండా అన్నారు: "బాలమణీ, నువ్వు ఆయినను కాపాడకు."

వేసిన అడుగు అక్కడే ఉండిపోయింది. అప్పుడామె లింగయ్యను అడిగారు, "నీకు ఏడ తాకుతాంది?" అతను పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "గీడ. బండ వెట్టినట్టుంటది. చాయ దిగది."

సార్ అన్నం తినకుండానే కారెక్కి వెళ్ళిపోయారు. ఇక సంస్థ మూతపడ్డట్టే అనుకున్నాను. సాయంత్రం మేడాన్ని బస్టాండులో దింపడానికి వెళ్ళి ఉండబట్టలేక అడిగేశాను. "అందరి ముంగట సార్ ఇజ్జత్ తీస్తరా మేడం? ఆయినకు ఎట్లుంటదో ఒక్కసారన్న ఆలోచించిన్రా?"

ఆమె కుడిచెయ్యి నా ముందుకు చాపారు. అది సన్నగా, ఆగకుండా వణుకుతోంది. సార్ చెయ్యి కోసం చాచిన చెయ్యి అదే.

"నాకు తాకలేదనుకున్నవా బిడ్డా? ఎప్పటికీ గిట్లనే అయితది. ఇల్లు చేరినంక గని ఆగది."

పొద్దుట్నుంచీ సార్ గురించే తల్లడిల్లాను. ఆయన చెయ్యి ఎవరి చేతి నుంచి వెనక్కి వెళ్ళిందో ఆ మనిషి ఒకరున్నారని నాకు తట్టనే లేదు. మేడం నన్ను కాసేపు చూసి, "సార్ పేరు ఎత్తినప్పుడల్లా నీ బుజాలు చెవులదాంక వోతున్నయి. ఎన్నడన్న సూస్కున్నవా?" అన్నారు. చూసుకున్నాను. నిజమే. దింపబోతే దిగలేదు.

సార్ మర్నాడు ఆఫీసుకు వచ్చారు. ఏమీ మాట్లాడకుండా లింగయ్య పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ తర్వాత చాలా నెలలు మేడం మా దగ్గరికి వస్తూనే ఉన్నారు. సార్ చెయ్యి ఒక్కరోజులో మారలేదు. కానీ అది వెనక్కి వెళ్ళినప్పుడు ఆయనకే తెలిసేది. "ఇదిగో, మళ్ళీ" అనేవారు. నేను సార్ గదిలోకి వెళ్ళి, భుజాలు దించుకుని, ఆయన అన్న ఒక మాటను కాదని చెప్పగలిగిన రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చాను.

అయినా లింగయ్య ఉండలేదు. "సార్ నేర్సుకుంటుండు, నాకెరికే. గని ఆయిన నేర్సుకునేదాంక నా కడుపు ఆగది మేడం" అని మొక్కి, గూడేనికి వెళ్ళిపోయి తనవాళ్ళతో తేనె అమ్ముకునే సంఘం పెట్టుకున్నాడు. అతన్ని ఆపమని మేడాన్ని బతిమాలాను. "పోనీ. ఆయిన పానం మనం నేర్సుకునే బడి కాదు" అన్నారు. ఆ మాటకు ఆ రోజంతా నేను తేరుకోలేదు. కొన్నాళ్ళకు సార్ పక్కకు తప్పుకున్నారు. బాధ్యత నా మీద పడింది. తర్వాత మేడం జబ్బుపడి, తమ ఊళ్ళోనే కన్నుమూశారు.

పోయిన నెల మీటింగులో, మా దగ్గర కొత్తగా చేరిన ఈదమ్మ అనే చెంచుపిల్ల అందరి ముందూ నాతో అంది, "మీరు మాట్లాడుతాంటే నేను మీ కాళ్ళే సూస్త మేడం. మొకం సూడనీకె బుగులైతది."

నా ముందా? గొర్రెల మంద వెనుక తిరిగిన ఈ బాలమణి ముఖం చూడటానికా ఈ పిల్లకు భయం? నేనట్లాంటి దాన్ని కాదని చెప్పబోయాను. తర్వాత క్షమించమనబోయాను. రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. రెండింటినీ మింగాను. ముఖంలోకి ఎక్కుతున్న వేడిని ఎక్కనిచ్చి, కదలకుండా నిలబడ్డాను.

"చెప్పు ఈదమ్మా, ఇంటున్న" అన్నాను.

ఆమె చాలాసేపు చెప్పింది.