ఫ్యాను రెక్కలు లెక్కపెట్టే వేళ

శ్రీకూర్మం చుట్టుపక్కల పల్లెల్లో వీధికో కూర్మమ్మ ఉంటుంది. పుట్టగానే దేవుడి పేరు పెట్టేస్తారు, ఆ తర్వాత దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఈ కూర్మమ్మ సంగతి మాత్రం వేరు. శ్రీకాకుళంలో ఆమె పనిచేసే కంప్యూటర్ల షాపులో ఎవరైనా కాస్త గట్టిగా పలకరిస్తే చాలు, మెడ భుజాల్లోకి దిగిపోయేది.

"అదిగో, తాబేలు తల నోపలికెట్టేసింది! ఒలే, ఎవులూ కొట్టరే, బయటికి రా," అనేవాడు ఈశ్వర్. బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్లు బిగించే మెకానిక్ అతను.

ఆమె నవ్వి ఊరుకునేది.

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా, సరిగ్గా ఊడ్పుల రోజుల్లో, వాళ్లమ్మకు నడుం పట్టేసింది. వారం రోజులని కాలేజీ మానింది. ఆ వారం ఇప్పటికీ పూర్తి కాలేదు. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక, షాపు యజమాని వెంకటరావు దగ్గర ఊడ్చి, సరుకు సర్దే పనిలో కుదిరింది. సర్దుతూ ప్రతి పెట్టె మీదా రాసి ఉన్నదంతా చదివేది. చదువు కావలసిన కళ్లకు అట్టపెట్టెలే దొరికాయి మరి. పెట్టెలు అయిపోతే ఈశ్వర్ చేతుల్ని చూసేది. ఏ తీగ ముందు పెడుతున్నాడు, ఎక్కడ నొక్కుతున్నాడు, ఎక్కడ ఆగి ఊపిరి బిగపడుతున్నాడు, అన్నీ కనిపెట్టేది. ఆమె చూస్తోందని అతనికి తెలుసు. తనలో తను అనుకున్నట్టుగా "ఈ పిన్నులు వంగితే బోర్డు సచ్చినట్టే" అని పైకి అనేవాడు.

ఆ ఈశ్వర్‌కి విశాఖలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు స్క్రూడ్రైవర్ల సంచి ఆమె ముందు పెట్టి, "షావుకారూ, ఈ గుంటకి పనంతా తెలుసు. నోరొక్కటే నేదు," అన్నాడు.

వెంకటరావు కళ్లజోడు మీదుగా ఆమెను చూశాడు. "సరే. ఇక మీదట వచ్చే మొదటి బేరం నీది. సామాన్లు నువ్వే ఎంచు, నువ్వే బిగించు. అది సరిగ్గా నడిస్తే ఈ బల్ల నీదే. తిరిగొచ్చిందో, విశాఖ నుంచే ఎవరినో ఒకర్ని తెచ్చుకుంటాను. తర్వాత నన్ను తిట్టుకోకు."

ఆ రాత్రి కూర్మమ్మకు సరిగ్గా నిద్ర పట్టలేదు. జీవితంలో ఏదైనా తనకు కావాలని గట్టిగా అనుకోవడం ఆమెకు అదే మొదలు.

ఆ మొదటి బేరం పృథ్వీరాజ్. వంశధార ఒడ్డున ఒక పల్లె అతనిది. డిగ్రీ అయింది, వీడియో గేముల పోటీల పిచ్చి పట్టుకుంది. తోడుగా వాళ్లమ్మ దేముడమ్మ వచ్చింది. అతను సెల్‌ఫోన్లో చూసుకుంటూ తనకు కావలసినవి గడగడా చెప్పేశాడు. కూర్మమ్మ వింటూ ఒక్కొక్క పెట్టే తెచ్చి బల్ల మీద పెట్టింది.

దేముడమ్మ పక్కనున్న ఇంకో మదర్‌బోర్డు పెట్టె మీద వేలు పెట్టింది. "ఇది తీసుకోకూడదేటమ్మా? అదీ ఇదీ ఒక్క కంపెనీయే కదా, బొమ్మ ఒకలాగే ఉన్నాది."

కూర్మమ్మ పెట్టె మీది బొమ్మలో ప్రాసెసరు కూర్చునే గూడు చూపించింది. "కంపెనీ ఒకటేనమ్మా. తరం వేరు. ఈ ప్రాసెసరు దాని గూట్లో కూకోదు."

"అంటే?"

"ఇంటిపేరు ఒకటైతే సరిపోదు కదమ్మా... వరస కుదరాల."

దేముడమ్మ పగలబడి నవ్వింది. "ఓలమ్మో! ఈటికీ వరసలున్నాయేటి! మరి ఈ రెండిటికీ కుదిరిందా?"

"కుదిరిందమ్మా. ఆ మెమరీకి ఈ బోర్డుతో కుదిరింది. గ్రాఫిక్స్ కార్డు పొడుగెక్కువ, అందుకే పెద్ద కేబినెట్టు తీసినాను."

చివరికి మిగిలింది పవర్ సప్లై, అంటే గోడలోంచి వచ్చిన కరెంటును లోపలి భాగాలన్నిటికీ పంచే పెట్టె. ఏది ఎంత లాగుతుందో కూడి, పైన ఇంకొంచెం వేసుకుని చూసింది. ఆ లెక్కకు సరిపోయేవి రెండు పెట్టెలు దొరికాయి. వాట్లు సమానమే. ఒకదాని మీద రెండు వందల వోల్టుల నుంచి అని రాసుంది, ఇంకోదాని మీద వంద నుంచి అని. మీ ఊళ్లో కరెంటు ఎలా ఉంటుందండీ అని అడుగుదామని తలెత్తింది. పృథ్వీరాజ్ ఫోన్లో ఎవరితోనో గొడవపడుతున్నాడు. అడగాలనుకున్న మాట నాలుక దాకా వచ్చి వెనక్కి జారిపోయింది. చేతికి దగ్గరగా ఉన్న మొదటి పెట్టె తీసుకుంది.

కంప్యూటరు షాపులో చక్కగా నడిచింది. లోపల ఎర్రగా, నీలంగా దీపాలు వెలుగుతుంటే దేముడమ్మ "అమ్మవారి జాతరలాగున్నాదిరా" అంది. వెంకటరావు కూడా రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

వారం తిరగకుండానే ఫోను వచ్చింది. సాయంత్రం గేము మొదలుపెడితే చాలు, టప్పున ఆరిపోతోందట.

"అనుకున్నాను," అని వెంకటరావు విశాఖ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

"అయ్యగారూ." ఆ గొంతు తనదేనా అని కూర్మమ్మకే అనుమానం వచ్చింది. "నానొక్కసారి ఆల ఇంటికెళ్లి సూసొత్తాను."

"నువ్వా? వెళ్లి ఏం మాట్లాడతావు?"

"మాటాడను. సూత్తాను."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కూర్మమ్మ వంద నుంచి అని రాసున్న ఆ రెండో పెట్టెను కూడా సంచిలో వేసుకుని బస్సెక్కింది.

ఆమె వెళ్లేసరికి మధ్యాహ్నం. కంప్యూటరు బంగారంలా నడుస్తోంది. పృథ్వీరాజ్ గేము ఆడి చూపించాడు, ఆగలేదు. "నానేటి అబద్ధమాడతన్నానా? రోజూ ఆగిపోతాది! నిన్న గెలిసే ఆట పోయినాది," అని తల పట్టుకున్నాడు. కూర్మమ్మ స్టూలు లాక్కుని ఒక మూల కూర్చుంది. దేముడమ్మ రాగిపిండితో కాచిన చోడంబలి గ్లాసుతో తెచ్చిచ్చింది. తాగుతూ చూస్తూ కూర్చుంది.

ఎండ వాలే వేళకు పొలాల వైపు నుంచి మోటార్ల చప్పుడు మొదలైంది. ఇంట్లో ఎవరూ తల తిప్పలేదు. నెత్తి మీద ఫ్యాను మెల్లగా బరువెక్కింది. గిర్రున తిరుగుతున్నది కాస్తా, రెక్క తర్వాత రెక్క కనిపించేంతగా నెమ్మదించింది. గోడ మీది బల్బు ఎర్రబడింది. టప్పుమని తెర నల్లబడిపోయింది.

"సూసినావా!" అని అరిచాడు పృథ్వీరాజ్.

కూర్మమ్మ ఫ్యాను వైపే చూస్తోంది. తన ఇంట్లోనూ అంతే. మోటార్లు వేసే వేళకు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటూ చిన్నప్పుడు ఆడుకునేది. పుట్టినప్పటి నుంచీ కళ్ల ముందున్నది కనుకే కంటికి ఆనలేదు. పట్నంలో, షాపులో, నిండు కరెంటు మధ్య నిలబడి ఈ ఊరికి పెట్టె ఎంచింది.

"తప్పు నాదేనండి," అంది. "దీనికి రెండు వందల వోల్టులు నేకపోతే నడవదు. మోటార్లేసిన ఈయేళప్పుడు మీకు అంత రాదు. ఇంకోటి తెచ్చినాను, అది తక్కువలో కూడా లాగుతాది."

కరెంటు తీగ పీకి, కేబినెట్టు పక్క తలుపు విప్పింది. పాతది ఊడదీసి, కొత్తది కూర్చోబెట్టి, బోర్డుకీ కార్డుకీ తీగలు కలిపి, ప్రతిదీ మళ్లీ ఒకసారి నొక్కి చూసుకుంది. బయట మోటార్లు మోగుతూనే ఉన్నాయి. ఫ్యాను ఈసురోమని తిరుగుతూనే ఉంది. బటన్ నొక్కింది.

జాతర దీపాలు వెలిగాయి. పృథ్వీరాజ్ గేము పెట్టాడు. ఊపిరి బిగబట్టి ముగ్గురూ చూశారు. ఒక ఆట అయింది, ఇంకో ఆట అయింది. తెర ఆరలేదు.

దేముడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని కూర్మమ్మ ముందు నిలబడింది. "ఏటే గుంటా, ఆటిలో ఆటికి వరసలన్నీ కలిపినావు. సంబంధం ఖాయం సేసీటప్పుడు ఇల్లు సూడరేటే?"

కూర్మమ్మకు నవ్వాగలేదు. తల లోపలికి లాక్కోవడం కూడా మరచిపోయి పైకే నవ్వింది. "ఇక మీదట సూత్తానమ్మా."

మర్నాడు షాపుకు వచ్చి, జరిగినదంతా తనే చెప్పింది. అడగాలనిపించీ అడగలేదన్న సంగతి కూడా దాచలేదు. వెంకటరావు ఆ పాత పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి దీన్నేం చేస్తావు?"

"పట్నంలో ఉన్నోలకి పనికొస్తాదండి. దాందేటీ తప్పు నేదు."

ఆయన దాన్ని వెనక అరలో పెట్టాడు. విశాఖకు ఫోను చేసే మాట ఎత్తలేదు. చీపురు తీయబోతున్న కూర్మమ్మతో, "అది నేను చూసుకుంటాలే. బల్ల దగ్గర ఎవరో నిలబడ్డారు, చూడు," అన్నాడు.

నిలబడ్డది టెక్కలి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. పెద్ద గేములు ఆడే కంప్యూటరు కావాలంటూ సెల్‌ఫోన్ తీశాడు. కూర్మమ్మ కుర్చీలో కూర్చుంది. మెడ నిటారుగానే ఉంది.

"అది తరవాత సూద్దామండి. పొలాల్లో మోటార్లేసినప్పుడు మీ ఇంట్లో ఫేను ఎలాగ తిరుగుతాది?"

ఆ కుర్రాడు ఆమెను వింతగా చూసి నవ్వేశాడు. "మీకెలా తెలుసండీ? రెక్కలు లెక్కెట్టుకోవొచ్చు!"

కూర్మమ్మ లేచి, వంద వోల్టుల నుంచి నడిచే పెట్టెను అన్నిటికంటే ముందు తెచ్చి బల్ల మీద పెట్టింది.