బంతిలోంచి ఎవర్నీ లేపలేదు

కరోనా తగ్గిన రెండో ఏడు, మాఘమాసం. తెనాలిలో మా ఫోటో స్టూడియో. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో వీడియో మిక్సింగ్. మా ఆయన ఉన్న రోజుల్లో ఆ వెనక గదే డార్క్‌రూమ్. ఎర్ర బల్బు కింద ఫోటోలు కడిగి తీగ మీద ఆరేసిన చేతులు నావి. ఆయన పోయాక కొట్టు మూసెయ్యమన్నారు అందరూ. నేను మూయలేదు. అయిదో తరగతితో నా చదువు ఆగిపోయినా, ఎవరి పని ముందు, ఎవరి పని వెనక అని తేల్చడానికి ఆ చదువు చాలు. కెమెరాలు, కంప్యూటర్లు మా అబ్బాయి ప్రసాద్ చూసుకుంటాడు. కౌంటరు, తాళంచెవులు నా దగ్గర ఉంటాయి.

మా పని రోజూ ఒకేలా రాదు. మూఢంలో ఈగలు తోలుకుంటాం. మంచి ముహూర్తం పడిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్లలోనూ ఒకే పూట, ఒకే ఘడియలో జీలకర్రబెల్లం పెడతారు. పంతుళ్లందరూ చూసేది ఒకే పంచాంగం కదా! అందరి పనీ ఒక్కసారే మీద పడుతుంది. ఈ సంగతి వెనక గదిలో ఉన్న ఇనప్పెట్టెకి తెలియదు.

ఆ పెట్టెని సర్వర్ అంటారు. నలుగురికి కావలసింది తన దగ్గర పెట్టుకుని, అడిగినవాళ్లకి అందించే కంప్యూటర్ అది. కరోనాలో పెళ్లికి పదిమందికి మించి రాకూడదన్నప్పుడు ప్రసాద్ లైవ్ మొదలుపెట్టాడు. మండపంలో కెమెరా పట్టింది నెట్‌లో మా పెట్టెకి వస్తుంది. పెట్టె ఆ బొమ్మని చిన్నచిన్న ముక్కలుగా కోసి హార్డ్ డిస్క్ మీద రాస్తుంది. ఎక్కడో కూర్చున్న చుట్టాలు ఆ ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి తెప్పించుకుని ఫోన్లో చూస్తారు. ముక్క రాయడం ఆలస్యమైతే బొమ్మ ఆగిపోతుంది.

ఆ ఏడు కర్లపాలెం పెళ్లిలో అదే జరిగింది. వరుడు మంగళసూత్రం పట్టుకుని వంగాడు, బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి అందరూ భోజనాలకి లేస్తున్నారు. పెళ్లికూతురి పెదనాన్న మా కొట్టుకి వచ్చి, "ఏంటండీ ఇది? మూడు ముళ్లూ వదిలేసి గారెలు చూపించారు!" అని గట్టిగా అడిగాడు. ప్రసాద్ నెట్ తప్పు అనుకుని కనెక్షన్ మార్చాడు. తర్వాతి పెళ్లిలోనూ అంతే. "కొత్త మెషీన్ కొందామమ్మా" అన్నాడు. ఉన్నది పాడైందని తేలకుండా కొత్తది కొనే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ మాటే చెప్పాను.

ఈ తగువులో ఉండగా నూకాలమ్మ కబురు పంపింది.

నూకాలమ్మది రేపల్లె అవతల, సముద్రం ఒడ్డు. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే రైల్లో చేపల గంపతో తెనాలి వచ్చి మా వీధిలో అమ్మేది. నేను ఆమెతో బేరమాడని రోజు లేదు, ఆమె నన్ను తిట్టుకోని రోజు లేదు. మొగుడు పోయాక ఆ గంప మీదే కూతురు గౌరిని పెంచింది. పెళ్లి కుదిరి, బాపట్లలో కళ్యాణమండపం మాట్లాడుకున్నాక, రైలు దిగుతూ జారిపడి తుంటి విరిగింది. తెనాలి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మంచం దిగకూడదన్నారు. ముహూర్తం మారుద్దామంటే, అది దాటితే మూఢం.

నేను జావ పట్టుకుని చూడ్డానికి వెళ్లాను.

"కాళ్లు కడిగి ఇచ్చేది మా మరిది, తోడికోడలు. అది బాగానే ఉంది పెద్దమ్మా. నేను చూడాలి, అంతే" అంది.

"వీడియో తీస్తాంగా. నాలుగు రోజుల్లో నీ చేతికిస్తా."

"నాలుగు రోజులకి వచ్చేది ఎండుచేప. బతుకంతా పచ్చిచేప అమ్మినదాన్ని, నా పిల్ల పెళ్లికి నన్ను ఎండుచేప తినమంటావా?"

"నోరు మాత్రం విరగలేదే నీకు" అన్నాను. కానీ మాట ఇచ్చేశాను. జీలకర్రబెల్లం పెట్టే ఘడియలో నూకాలమ్మ ఫోన్లో కూతురు కనబడాలి. ఆటోలో ఇంటికి వస్తుంటే కర్లపాలెం గారెలు గుర్తొచ్చాయి.

బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్లు చూసే అమ్మాయి ఉందని మా కెమెరామన్ డేవిడ్ చెప్పాడు. పేరు ప్రిస్కిల్లా. వాళ్ల నాన్న మిషన్ బడిలో మాస్టారు. వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పెట్టె ముందు కూర్చుంది. అరగంట సేపు ఏమీ మార్చలేదు. ఊరికే చూసింది, విన్నది. అది నాకు నచ్చింది.

"నెట్ బాగుంది మామ్మగారూ. లెక్కలు చేసే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది. అందరూ డిస్క్ కోసం కాచుకుని కూర్చున్నారు. వినండి" అంది.

చెవి పెట్టి విన్నాను. లోపల కరకర. ముందువైపు ఉండే చిన్న ఎర్ర లైటు మిణకకుండా, కన్నార్పని మనిషిలా నిలబడి వెలుగుతోంది.

"లోపల పళ్లెం తిరుగుతుంటుంది, పైన ఒకటే సూదిలాంటిది. కెమెరా కార్డు కాపీ చేసేవాడు ఇటు రమ్మంటాడు, బ్యాకప్ అటు రమ్మంటుంది, మిక్సింగ్ ఇంకోవైపు లాగుతుంది. లైవ్ అడిగేది పిసరంత. కానీ దాని వంతు వచ్చేసరికి బొమ్మ ఆగిపోతోంది."

"అయితే కొత్తది కొనాల్సిందేగా?" అన్నాడు ప్రసాద్, నావైపు చూస్తూ.

"వద్దండి. గిన్నె బాగానే ఉంది. గరిట పట్టుకునేవాళ్లే లేరు."

ఆ మాటతో నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను. ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాస్తాను. కంప్యూటర్లో జరిగే ఒక్కో పనిని ప్రాసెస్ అంటారట. ఒక్కోదానికీ ఒక నంబరు ఉంటుంది. అలాంటి పనుల్ని కొన్నిట్ని ఒక గుంపుగా కూర్చోబెట్టవచ్చు. దాన్ని సీగ్రూప్ అంటారు. ఆ గుంపు మొత్తానికి కలిపి, ఈ డిస్క్ మీద సెకనుకి ఇంతే చదవాలి, ఇంతే రాయాలి, ఇన్నిసార్లే అడగాలి అని హద్దు పెట్టవచ్చు. మరో గుంపుకి, తోపులాట వచ్చినప్పుడు నీకే ఎక్కువ వంతు అని రాసి పెట్టవచ్చు.

"గుంపు ఏంటమ్మాయ్, బంతి అనరాదూ? పెళ్లి భోజనాల్లో బంతి బంతికీ ఇంత కూర అని చూసుకునే వడ్డిస్తాం. మొదటి బంతికి గుమ్మరిస్తే ఆఖరి బంతికి పులుసు నీళ్లే" అన్నాను.

ప్రిస్కిల్లా నవ్వి బల్ల మీద కొట్టింది. "బంతే మామ్మగారూ! ఇంకో సంగతి వినండి. ఒక పని ఇంకో పనిని పుట్టిస్తే, ఆ పిల్ల పుట్టగానే తల్లి కూర్చున్న బంతిలోనే కూర్చుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేదు."

కంటికి కనబడని చోట, ఆ పళ్లెం మీద, ఇంత మర్యాద ఉందా అనిపించింది.

ఆమె మూడు బంతులు వేసింది. లైవ్ ఒకటి, కాపీలు, బ్యాకప్ ఒకటి, మిక్సింగ్ ఒకటి. కాపీల బంతికి హద్దు పెట్టింది. ఒకేసారి అన్నీ నడిపించి చూపించింది. ఎర్ర లైటు నిలబడి వెలగడం మానేసి, ఊపిరి పీల్చి వదిలినట్టు మిణకసాగింది. పెళ్లి రోజు తోడు ఉంటానని తనే అంది. నేను కాదనలేదు.

పెళ్లి రోజు పగటి ముహూర్తం. మా మనిషి బాపట్ల మండపంలో కెమెరా పెట్టాడు. ఆసుపత్రిలో నూకాలమ్మ ఒక ఫోన్లో లైవ్ చూస్తోంది. పక్కమంచం ఆవిడ దగ్గర ఇంకో ఫోన్ తీసుకుని నాకు చేసి, పెట్టెయ్యకుండా ఉంచింది.

"మా తోడికోడలు ఏ చీర కట్టిందో చూశావా పెద్దమ్మా? నాకు చూపించకుండా దాచింది దొంగమొహం!"

ఆమె అలా తిడుతుంటే నా ప్రాణం కుదుటపడింది. తిడుతోందంటే బొమ్మ కదులుతున్నట్టే. గౌరిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తున్నారు. అప్పుడు ఆగింది తిట్ల ప్రవాహం.

"పెద్దమ్మా, పిల్ల ఆగిపోయింది. కళ్లు సగం మూసుకుని అట్టాగే ఉంది. పెద్దమ్మా!"

వెనక గదిలోకి నడిచాను. ఎర్ర లైటు నిలబడి వెలుగుతోంది. పెట్టె ముందు ప్రిస్కిల్లా, ప్రసాద్; పక్క సీట్లో డేవిడ్ టీ తాగుతున్నాడు. ముందురోజు సాయంత్రం చుండూరు చర్చిలో జరిగిన పెళ్లి తాలూకు కెమెరా కార్డులు తెచ్చి, ఎప్పటిలాగే మౌస్‌తో పట్టి లాగి డిస్క్ మీద పడేశాడు. ప్రిస్కిల్లా కాపీల కోసం వేరే బటన్ పెట్టింది. అది నొక్కితే పుట్టే కాపీలే ఆ బంతిలో కూర్చుంటాయి. చేత్తో లాగినవి బంతి బయట పుట్టాయి. వాటికి హద్దు లేదు.

"ఆపెయ్, కార్డు పీకెయ్!" అన్నాడు ప్రసాద్.

"పీకకండి సార్!" డేవిడ్ టీ గ్లాసు వదిలేసి కార్డుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "కాపీ కాదండి, కట్ చేసి పేస్ట్ చేస్తున్నా. సాయంత్రం రిసెప్షన్‌కి కార్డులు ఖాళీ కావాలని. మధ్యలో తెగితే ఆ ప్రమాణాలు ఇక్కడా ఉండవు, అక్కడా ఉండవు."

ఒక చెవిలో నూకాలమ్మ, "పెద్దమ్మా, పంతులు ఆగడు కదా" అంటోంది. ఒక పిల్ల పెళ్లి కోసం ఇంకో పిల్ల పెళ్లి చెరిపెయ్యనా? ఇన్నేళ్లలో ఎవరి పని ముందో నేను తేల్చలేకపోయింది ఆ ఒక్కసారే.

ప్రిస్కిల్లా ఆ కాపీ నంబరు వెతికి పట్టుకుంది. కాపీల బంతి పేరుతో ఉన్న ఒక ఫైల్లో ఆ నంబరు రాసింది. అంతే. తెరమీద ఒక్క వరస.

"ఏం చేశావమ్మాయ్?"

"బయట నిలబడి తింటున్నవాణ్ని తీసుకొచ్చి బంతిలో కూర్చోబెట్టాను మామ్మగారూ."

లైటు మాత్రం ఇంకా నిలబడే వెలుగుతోంది.

"మరి ఆగలేదే?"

"ఇప్పటిదాకా వాడి ఆకులో పడ్డది వెనక్కి తియ్యలేం కదండి. అది అయ్యేదాకా ఓపిక పట్టాలి."

నలుగురమూ ఆ లైటు వైపే చూస్తూ నిలబడ్డాం. ఫోన్లో నూకాలమ్మ ఊపిరి వినబడుతోంది. అప్పుడు లైటు ఒకసారి ఆరింది. వెలిగింది. ఆరింది. కరకర తగ్గి, చినుకులు పడ్డట్టు చిటచిట మొదలైంది. కాపీ ఆగలేదు. తెరమీద దాని పచ్చగీత నిండుగర్భిణిలా మెల్లగా నడుస్తోంది. ఆ పక్క తెరమీద గౌరి కళ్లు తెరిచింది.

గంప దింపారు. మధ్యలో తెర పట్టారు. పంతులు మంత్రం, డోలు, సన్నాయి. తెర దించగానే ఇద్దరూ ఒకరి తలమీద ఒకరు జీలకర్రబెల్లం పెట్టారు.

నూకాలమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఫోన్లో టపటపమని ఏవో గాజు మీద పడ్డ చప్పుడు. మళ్లీ ఇంకోసారి. తర్వాత నర్సు గొంతు.

"ఏంటమ్మా ఇది! మంచమంతా బియ్యం! కట్టులోకి పోతే ఎవరు తీస్తారు?"

"బియ్యం కాదమ్మా, అక్షింతలు. నువ్వూ రెండు గింజలు వెయ్యి. నా పిల్లే" అంది నూకాలమ్మ.

దిండు కింద పసుపు కలిపిన బియ్యం దాచుకుని, ఆ ఘడియలో ఫోన్ మీద చల్లింది. ఆ నర్సు గొణుగుతూనే వేసిందట. అది తర్వాత తెలిసింది.

ప్రిస్కిల్లా కళ్లు ఒత్తుకుని, "కొంచెం ఆలస్యం ఉంటుంది మామ్మగారూ. అక్కడ పెట్టాక ఇక్కడికి ముక్కలు రావాలి కదా" అంది, తప్పు చేసినదానిలా.

"పచ్చిచేప కూడా ఒడ్డుకి రావాలి గదా" అన్నాను. ఆమెకి ఆ మాట అర్థమై ఉండదు. అయినా నవ్వింది.

మధ్యాహ్నం నేను అన్నానికి లేవలేదు. ఆ పెట్టె ముందే కూర్చున్నాను. డేవిడ్ కాపీ చివరిదాకా వెళ్లింది. ప్రిస్కిల్లా తెరిచి చూపించింది. చుండూరు పిల్ల, తెల్లచీర, పాస్టరుగారు అడుగుతుంటే "అవునండి" అని చెప్పడం, అంతా చెక్కుచెదరకుండా ఉంది. సాయంత్రం రిసెప్షన్‌కి కార్డులు అందాయి. తనని పట్టి ఉంచారని ఆ కాపీకి తెలియనే తెలియదు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, మాట అనలేదు. హద్దులో తను నడిచింది, పక్కవాణ్ని నడవనిచ్చింది.

నా జీవితమంతా పట్టి ఉంచే పనే చేశాను. కరెంటు, కాగితం, పిల్లలు, కెమెరామన్లు. పట్టి ఉంచడమంటే ఆపడం అనుకున్నాను. ఒకడికి వడ్డించాలంటే ఇంకొకణ్ని లేపాలనుకున్నాను. ఆ రోజు నా కళ్ల ముందు, తింటున్నవాణ్ని లేపకుండా, వాడి ఆకు లాగెయ్యకుండా, కడుపు మాడ్చకుండా, ఒక తల్లి వాటా ఆమెకి చేరింది. ఇదంతా ఒక నంబరు రాస్తే జరిగింది. దాన్ని కనిపెట్టినవాళ్లు ఎక్కడివాళ్లో నాకు తెలియదు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చుని, ఖాళీ గిన్నె వైపు చూసినవాళ్లే అయ్యుంటారని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు కొట్టులో మౌస్‌తో లాగినా సరే, అన్ని కాపీలూ ఆ బంతిలోనే పుట్టేలా ప్రిస్కిల్లా సరిచేసింది. సర్వర్ మాత్రం పాతదే. ముహూర్తాల రోజున నేను ముందు గదిలో కూర్చోను. వెనక గదిలో కుర్చీ వేసుకుని ఆ ఎర్ర లైటు ఆరి వెలగడం చూస్తుంటాను. మిణికిన ప్రతిసారీ ఎవరికో ఒక ముద్ద అందినట్టు ఉంటుంది.